పదిహేడో నంబరు గూడు

తవిటయ్య కింది ముందుపంట్లోకి డ్రిల్లు దిగీ దిగగానే కంపు గదంతా తన్నుకొచ్చింది. నాలుగు రోజులు మూతపెట్టి మరిచిపోయిన చేపల పులుసు గిన్నె తెరిచినట్టుంది. పక్కన నిలబడ్డ హౌస్ సర్జన్ ఏదో పని గుర్తొచ్చినవాడిలా బయటికి జారుకున్నాడు. డాక్టర్ హిమజకి జారుకునే వీల్లేదు. రెండు మాస్కుల వెనక నోటితో ఊపిరి పీలుస్తూ, పంటి కన్నంలోంచి ఉబికొస్తున్న నల్లటి చీముని చూస్తూ కూర్చుంది.

ఇరవై రెండేళ్ళుగా పళ్ళ వేళ్ళలో చీము తోడుతున్న మనిషికి ఈపాటికి అలవాటు కావాలి. కాలేదు. హిమజకి మనుషుల నోళ్ళంటే రోత. ఆ సంగతి డెంటల్ కాలేజీ అంతటికీ తెలుసు, ఆమె కూడా దాచుకోదు. క్యాంటీన్ గ్లాసు ముట్టదు. ఇంట్లో భర్త తాగిన కప్పు వేరే సబ్బుతో తోమిస్తుంది. కన్నకూతురు కొరికిన జామకాయ ముక్క చేతికిస్తే చెత్తబుట్ట వెతుక్కుంటుంది. అలాంటిది ఈ చదువే ఎందుకు చదివావమ్మా అని అడిగితే, శుభ్రం చెయ్యడానికే అంటుంది.

"డాటరమ్మా, మాగం వచ్చీసింది," అన్నాడు తవిటయ్య, నోట్లోంచి గొట్టం తియ్యగానే. "పద్నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను. సన్నాయి ఊదితే నోరంతా నెత్తురైపోతంది. నెలన్నర కితం నువ్వే కదేటి, ఈ పన్ను బాగు సేసినావు?"

నిజమే. ఇదే కుర్చీలో, ఇదే పంటి వేరుని తనే శుభ్రం చేసి మూసింది. ఇప్పుడు ఎక్స్‌రే చూస్తే పంటి కింద ఎముక సగం లేదు, గడ్డం వైపు తినేసుకుంటూ పోతోంది. సర్జన్లు శనివారం దాకా గడువిచ్చారు. ఆ లోపల ఆగకపోతే కింది దవడ ముందుభాగం కోసెయ్యాలి. దవడ ముందుభాగం లేనివాడు సన్నాయి మాట దేవుడెరుగు, గంజి కూడా సరిగ్గా తాగలేడు. ఆ రోజు సోమవారం.

సూదంత సన్నటి కాగితపు పుల్లని పంటి వేరులోకి దించి, తడి పీల్చుకోనిచ్చి, పైకి తీసింది. చివర నల్లగా, జిగటగా ఉంది. పుల్లని గాజు గొట్టంలో పడేసి మూత బిగించింది. తవిటయ్య తొమ్మిదోవాడు. ముందు వచ్చిన ఎనిమిది మందికీ ఇదే కథ. రూట్ కెనాల్ చేసిన కొన్నాళ్ళకి కంపు, తర్వాత చీము, తర్వాత ఎముక. వాళ్ళలో ఒక ముసలావిడకి గడ్డం ఎముకే తీసెయ్యాల్సి వచ్చింది.

పుల్లని ల్యాబ్‌లో గూడుపెట్టెలో పెట్టింది.

గూడుపెట్టె ఆమె నాలుగేళ్ళ కష్టం. పక్క ఇంజినీరింగు కాలేజీ మాస్టారొకాయన తీగలు కలిపాడు, బుర్ర ఈమెది. పుల్ల లోపల పెట్టి మూత వేస్తే ఆరు గంటల్లో ఆ చీములో ఉన్న క్రిములన్నిటి పేర్లూ కాగితం మీద అచ్చు వేసి ఇస్తుంది. పళ్ళెంలో పెంచినా పెరగని మొండిఘటాలని కూడా పట్టేస్తుంది. ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టనివాటికి నంబరిస్తుంది. ఈ తొమ్మిది మంది ఎముకలనీ తింటున్నది పదిహేడో నంబరు. బ్లీచింగు నీళ్ళకి చావదు, మందులకి చావదు, ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం పెట్టె కొత్తగా నేర్చుకున్న విద్య. నోట్లో కాపురమున్న క్రిమి ఆ నోటి గుర్తులన్నీ తన ఒంట్లో దాచుకుంటుంది. ఆ నోరు ఏం తింది, ఏ నీళ్ళు తాగింది, ఎంత వేడి చూసింది, అన్నీ. పెట్టె వాటిని చదివి, ఆ క్రిమి పుట్టిన నోరు ఎలాంటిదో రాసి ఇస్తుంది. దాన్నే గూడు అంటారు ల్యాబ్‌లో.

మంగళవారం పొద్దున వచ్చిన రెండు పేజీల్లో మొదటిది చదువుతూ హిమజ నిలబడిపోయింది. తొమ్మిది మందిలో ఉన్న పదిహేడో నంబరుకి ఒకటే గూడు. అది వాళ్ళెవరి నోరూ కాదు. ఏదో ఒక్క నోటినుంచి వచ్చి తొమ్మిది మంది పళ్ళలో దూరింది. ఒకరి నోట్లోది ఇంకొకరి పంటి వేరులో కుళ్ళుతోందని తెలిసేసరికి ఆ పేజీని రెండు వేళ్ళ కొసలతో పట్టుకుంది.

ఆ నోటి గురించి పెట్టె ఇలా రాసింది: ఎండుచేప, సున్నం, ఉప్పు నీటి బావి, పొగాకు బూడిద. అంగిటికి ఏళ్ళ తరబడి నిప్పు సెగ. చివర ఇంకో మాట కూడా ఉంది. ఈ గూటిలో పదిహేడు ఎవరికీ హాని చెయ్యకుండా పడి ఉంటుంది, దాన్ని అణిచిపెట్టే తోటి క్రిమి ఒకటి పక్కనే ఉంది, అది ఈ నోట్లో తప్ప ఇంకెక్కడా కనిపించలేదు.

అంటే ఆ నోరు దొరికితే మందు దొరికినట్టే. ఆ నోటి ఉమ్మిలోంచి తోటి క్రిమిని వేరుచేసి తవిటయ్య దవడలోకి ఎక్కిస్తే పదిహేడు ఆగిపోతుంది.

అంగిటికి నిప్పు సెగ అంటే ఈ జిల్లాలో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అడ్డచుట్ట. సముద్రం ఒడ్డు పల్లెల్లో ఆడవాళ్ళు నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగుతారు. నిప్పు పక్కనే పుట్టి పెరిగిన క్రిమికి పరికరాలు ఉడికించే ఆటోక్లేవు వేడి ఓ లెక్కా? అందుకే చావలేదన్నమాట, దాన్ని అణిచే తోటిది మాత్రం ఆ వేడికి చచ్చి ఉంటుంది.

సరిగ్గా అప్పుడే బకెట్టు పట్టుకుని పోలమ్మ లోపలికి వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా కాలేజీలో రోగులు ఉమ్మే కుండీలు కడిగే మనిషి. నడుముకి చుట్టపీక, ఒంటినిండా పొగాకు వాసన. ఆ వాసన తగిలితే హిమజ ఎప్పుడూ దారి మార్చుకునేది. ఆ రోజు మాత్రం ఎదురెళ్ళింది. రెండో పేజీ బల్లమీదే బోర్లా పడి ఉంది.

"పోలమ్మా, నోరు తెరువు."

"ఏటమ్మా?"

"తెరువు ముందు."

చేతికి రెండు గ్లవ్స్ వేసుకుని, పట్టకారుతో పోలమ్మ పెదవి పక్కకి లాగింది హిమజ. అంగిలి తెల్లగా, మచ్చలు మచ్చలుగా కాలి ఉంది. ఊపిరి బిగబట్టి దూది పుల్లతో గీకింది. పోలమ్మ కళ్ళవెంట నీళ్ళు కారాయి, నొప్పికో దేనికో.

"పరికరాల ట్రేలో చెయ్యి పెట్టావు కదూ నువ్వు?"

"నానా? కుండీలు కడుగుతాను గానీ మీ సూదులూ గీదులూ ముట్టనమ్మా. ఇరవయ్యేళ్ళలో ముట్టలేదు. నువ్వే సెప్పినావు కదేటి, ముట్టొద్దనీసి."

"ముట్టకుండానే తొమ్మిది మంది నోళ్ళు కుళ్ళిపోయాయా? ఛీ!"

ఆ ఛీ వరండాలో ఉన్న రోగులదాకా వినబడింది. మధ్యాహ్నానికల్లా ప్రిన్సిపాల్ శ్రీధరమూర్తి పోలమ్మని పనిలోంచి తీసేశాడు. వచ్చే నెల తనిఖీ ఉంది, ఆయన తొందర ఆయనది. పెట్టె జవాబు ఇంకా రానేలేదన్న మాట హిమజ నోటిచివరిదాకా వచ్చింది. మింగేసింది. పోలమ్మ గేటు దాటుతుంటే ఎవరో అటెండరు ముక్కు మూసుకుని చూపించాడు. రోగులు నవ్వారు.

జవాబు సాయంత్రం వచ్చింది. గూడు పోలమ్మది కాదు.

హిమజ ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "పోయినామె పోయింది కదమ్మా, ఇప్పుడు మళ్ళీ పిలిస్తే మనమే తప్పు చేశామన్నట్టు ఉంటుంది. అసలు మనిషిని పట్టుకోండి," అన్నాడు. ఆ మాటని కాదనలేక కాదు, కాదంటే పోలమ్మ మొహం మళ్ళీ చూడాల్సి వస్తుందని ఆమె ఊరుకుంది.

బుధ, గురువారాలు నోళ్ళ వేటలో పోయాయి. వంటావిడలు, ఊడ్చేవాళ్ళు, చుట్ట అలవాటున్న రోగులు, మొత్తం ముప్ఫై ఒక్క నోళ్ళు గీకింది. గార పట్టిన పళ్ళు, పుళ్ళు పడ్డ చిగుళ్ళు, నంజుకున్న పచ్చళ్ళ కంపు. రెండు రోజులూ అన్నం సహించలేదు. ఒక్క గూడూ కలవలేదు. తవిటయ్య గడ్డం కింద వాపు మెడదాకా దిగింది. అతని భార్య వార్డు గుమ్మంలో కూర్చుని, హిమజ వెళ్ళినప్పుడల్లా లేచి నిలబడేది.

గురువారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు సహజ పుస్తకాలు ముందేసుకుని కూర్చుంది. బడిలో కొత్త నోటుబుక్కులకి అట్టలు వెయ్యమన్నారు. భర్త సుధాకర్ కత్తెర పట్టుకుని సహజకి సాయం చేస్తున్నాడు.

"రా హిమా, నువ్వయితే తిన్నగా వేస్తావు," అని కాగితాల కట్ట ఆమె ముందుకి జరిపాడు.

పల్చటి గోధుమరంగు కాగితాలు, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. హిమజ మనసంతా వార్డులో ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒకటి, రెండు, మూడు.

"ఛీ అమ్మా!" అంది సహజ. "ఎంగిలి వేలు! నా పుస్తకాలకి పూస్తున్నావు!"

హిమజ తన చూపుడువేలు వంక చూసుకుంది. తడిగా ఉంది.

"నువ్వెప్పుడూ అంతే. డబ్బులు లెక్కపెట్టినా నాకుతావు. మమ్మల్ని మాత్రం అది ముట్టొద్దు, ఇది ముట్టొద్దంటావు," అని సహజ కాగితం మార్చుకుంది.

సుధాకర్ నవ్వాడు. హిమజ నవ్వలేదు. ఆమెకి శనివారాలు కళ్ళముందు కదిలాయి. వేరే ఎవరి చేతులనీ నమ్మక, కొన్ని నెలలుగా ప్రతి శనివారం తన గదిలో తలుపేసుకుని, రూట్ కెనాల్‌లో పంటి వేరు ఆరబెట్టే కాగితపు పుల్లలు పదేసి లెక్కపెట్టి పల్చటి కవర్లలో తనే సర్దుతుంది. ఆ కవర్లు కూడా ఇలాగే అంటుకుపోతాయి. గ్లవ్స్ ఉండవు. ఎందుకుండాలి, తర్వాత ఎలాగూ ఆటోక్లేవులో ఉడుకుతాయి కదా, ఏ క్రిమి బతుకుతుంది గనక!

నిప్పులో పుట్టినదైతే బతుకుతుంది.

బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఆ వేలు సబ్బుతో మూడుసార్లు తోముకుంది. కుళాయి తిప్పి వదిలేసి చల్లటి నేల మీద కూర్చుంది. తనని పెంచినవాళ్ళు టీచర్లనీ, విశాఖపట్నం హాస్టల్లో చదువుకున్నాననీ సుధాకర్‌తో చెప్పింది. హాస్టలు నిజమే. అంతకుముందు ఎనిమిదేళ్ళు సముద్రం ఒడ్డున అమ్మమ్మ దానమ్మ దగ్గర పెరిగింది. దానమ్మ చుట్టలు చుట్టేది. పొగాకు రెబ్బలు లెక్కపెట్టేటప్పుడు వేలు నాలిక్కి రాసుకునేది, పక్కన కూర్చుని మనవరాలు కూడా అలాగే లెక్కపెట్టేది. తల్లి లేని పిల్లకి ముల్లు గుచ్చుకుంటుందని దానమ్మ ఎండుచేప తన నోట్లో నమిలి, మెత్తగా చేసి, ఆ ముద్ద తీసి పిల్ల నోట్లో పెట్టేది. నిప్పు నోట్లోంచి తీసి, ముద్ద నమిలి, మళ్ళీ నిప్పు నోట్లో పెట్టుకునేది. పిల్ల లొట్టలేసుకుంటూ తినేది.

ఈ సంగతి జ్ఞాపకం వచ్చినప్పుడల్లా హిమజ పళ్ళు తోముకుంటుంది. రోజుకి అయిదుసార్లయినా సరే.

శుక్రవారం పొద్దున ఏడింటికే ల్యాబ్ తెరిచింది. నాలుగేళ్ళలో కాలేజీలో డాక్టర్లందరి నోటి నమూనాలూ గూడుపెట్టెలో చేరాయి, సరిచూసుకోవడానికి. ఆమెది తప్ప. తన నోట్లో ఏముందో కాగితం మీద చూడటం ఆమెకి ఇష్టం లేకపోయింది. ఇప్పుడు దూది పుల్ల అంగిటికి గీసుకుని పెట్టెలో పెట్టి, ఆ ఆరు గంటలూ కుర్చీలోంచి లేవలేదు. మంగళవారం బోర్లా పడేసిన రెండో పేజీ అప్పుడు చదివింది. 'నిప్పు సెగ పాత పొర, నలభై ఏళ్ళ కిందటిది. దానిపైన కొత్త పొర: టూత్‌పేస్టు, మౌత్‌వాష్, అతిగా.' మూడు రోజులుగా బల్ల మీదే ఉందది. ఎదురుగా చుట్ట తాగే మనిషి కనబడింది కదా, రెండో పేజీతో పనేముందనుకుంది.

ఒంటిగంటకి జవాబొచ్చింది. తొమ్మిదికి తొమ్మిదీ కలిశాయి. తోటి క్రిమి కూడా ఉంది, కావలసినంత.

శ్రీధరమూర్తి కాగితం రెండుసార్లు చదివాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు. "ఇది మీరూ నేనూ చూశాం, చాలు. మందు దొరికింది, సంతోషం. దాత ఎవరో చెప్పనక్కర్లేదు. మంగళవారం పోలమ్మని తీసేస్తూ రాసిన రిపోర్టులో ఆమె పేరుంది, ఉండనివ్వండి. ఆమెకేం పోయింది, చదువా పరువా?"

హిమజకి ఆయన మాట విని రోత పుట్టింది. అంతకంటే ఎక్కువ రోత, ఆ మాటకి తన లోపల ఎక్కడో ప్రాణం లేచొచ్చినందుకు. కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని వార్డుకి వెళ్ళింది.

తవిటయ్య మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. మాట ముద్దముద్దగా వస్తోంది.

"కోత తప్పే దారి ఒకటి దొరికింది. ఒకరి ఉమ్మిలోంచి మందు తీసి నీ దవడలోకి ఎక్కిస్తాం. నీకు ఇష్టమైతేనే," అంది.

అతని మొహం ముడుచుకుపోయింది. "ఎంగిలా? అమ్మా, నాను మా ఆడదాని ఎంగిలి గలాసే ముట్టను. నా సన్నాయి పీక ఇంకోడు నోట్లో ఎడితే ఇరిసి పారేత్తాను. ఎవురి ఎంగిలది?"

పక్కమంచాల వాళ్ళు కూడా ఇటు తిరిగారు. హిమజ మాస్కు తీసేసింది. ఎప్పుడూ వాడే నున్నటి భాష ఎంత వెతికినా నోటికి దొరకలేదు. నలభై ఏళ్ళుగా అణిచిపెట్టిన పల్లె యాస బయటికొచ్చింది.

"నాదే తవిటయ్యా. నీ పంట్లో కుళ్ళినదీ నాదే. ఏలు నాలిక్కి రాసీసుకుని పుల్లలు లెక్కెట్టినాను. మా అమ్మమ్మ అడ్డచుట్ట తాగీది, ఆవిడ నోట్లోది నా నోట్లోకొచ్చింది, నా నోట్లోది మీ అందరి నోట్లోకెల్లింది. పోలమ్మ ఏటీ సెయ్యలేదు. నానే సేసినాను."

తవిటయ్య భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తవిటయ్య కుండీ అందుకుని ఉమ్మాడు, చీమూ నెత్తురూ కలిసి. మళ్ళీ ఉమ్మాడు. ఆమె మొహం మీద ఉమ్మాలని ఉన్నట్టుంది, కుండీలో ఉమ్మి ఊరుకున్నాడు.

"తలుసుకుంతే వాంతొస్తంది," అన్నాడు చివరికి. "అయినా కోత నానొల్లను. నువ్వు దొంగసాటుగా కాదు, నా కళ్ళెదర ఉమ్ము. సూత్తాను."

హిమజ గాజు గొట్టం నోటి దగ్గర పెట్టుకుంది. ఏమీ రాలేదు. నోరు ఎండిపోయి నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఒకసారి, రెండుసార్లు ప్రయత్నించింది. ఉత్త గాలి.

తవిటయ్య విసుక్కున్నాడు. "సింతకాయ తలుసుకో అమ్మా. పచ్చి సింతకాయ, ఉప్పద్దుకుని. ఊరుద్ది."

తలుచుకుంది. దవడల వెనక సలుపుతూ ఊట ఊరింది. అందరూ చూస్తుండగా గొట్టంలో ఉమ్మింది. ఆ తెల్లటి నురగ వంక తవిటయ్య ముక్కు చిట్లించి చూశాడు. కళ్ళు మూసుకుని, వాచిన నోరు కష్టం మీద తెరిచాడు.

రాత్రికి మందు తయారైంది. శనివారం కోత వాయిదా పడింది, ఆ తర్వాత రద్దయింది. పది రోజుల్లో వాపు దిగింది, ఎముక నిలిచింది. ముందుపళ్ళు నాలుగు మాత్రం రాలిపోయాయి. తవిటయ్య సన్నాయి పట్టుకుంటే గాలి పక్కలనుంచి పోతోంది. మాఘంలో పద్నాలుగు పెళ్ళిళ్ళకీ ఇంకెవరో ఊదారు. మిగతా వాళ్ళకి కూడా అదే మందు ఎక్కించారు. అందులో ఇద్దరు, ఎవరిదో తెలిశాక, ఒద్దని వెళ్ళిపోయారు. హిమజ తన మీద తనే రిపోర్టు రాసిచ్చింది. విచారణ తేలేదాకా రోగులని ముట్టొద్దన్నారు. సుధాకర్ దానమ్మ సంగతంతా విని, "ఇన్నేళ్ళూ నేనంటే కూడా అసహ్యపడ్డావా?" అని ఒక్క మాట అడిగాడు.

పోలమ్మని మళ్ళీ పనిలోకి తీసుకుంటున్నట్టు ప్రిన్సిపాల్ చేత కాగితం రాయించి, ఆదివారం తనే పట్టుకుని వెళ్ళింది. సముద్రం ఒడ్డున పల్లె. పోలమ్మ ఇంటిముందు ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. నోట్లో చుట్ట, నిప్పు లోపలికి.

హిమజ నిలబడే అంతా చెప్పింది, దానమ్మ దగ్గరనుంచి. పోలమ్మ చేపలు తిరగెయ్యడం ఆపకుండానే విన్నది. చుట్ట నోట్లోంచి తీసింది.

"నన్ను పట్టకారెట్టి నోరు తెరిపించినావు. మీ అమ్మమ్మ బతికుంతే ఆవిడికీ అలాగే పట్టకారెడుదువా?"

అబద్ధం చెప్పడానికి హిమజకి మనసొప్పలేదు. "ఎడుదును," అంది.

పోలమ్మ ఆమెని కిందనుంచి మీదిదాకా చూసింది. కాగితం అందుకుంది, చదువు రాదు గనక తిప్పి తిప్పి చూసి, మడిచి తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

"ఇరవయ్యేళ్ళు ఊరందరి ఎంగిలీ కడిగినాను తల్లీ," అంది. "ఏ రోజూ నాకు రోతనిపించలేదు. నీది మాత్రం నాను కడగలేను."